ఆగని మాట మీద చుక్క

"నిన్న రాత్రి ఊరి నుంచి వచ్చి."

ఎవరైనా మీతో ఇంతవరకే అని నోరు మూసుకుంటే మీరు ఊరుకోరు. "వచ్చి? ఏం చేశావు?" అని అడుగుతారు. అవే మాటలు కాగితం మీద కనిపించి, చివర ఒక చుక్క ఉంటే మాత్రం రాసినవాళ్ళు వాక్యం అయిపోయిందనుకుంటారు. చదివేవాళ్ళ చెవి ఇంకా ఆ "వచ్చి" దగ్గరే ఆగి ఉంటుంది. తర్వాతి వాక్యం మొదలైపోతుంది, ముందు మాట తేలదు. ఇలాంటివి పేజీలో నాలుగైదు ఉంటే చదువరికి తల బరువెక్కుతుంది. ఎందుకు బరువెక్కిందో చెప్పమంటే చెప్పలేడు. భాష కష్టంగా ఉందనో, విషయం అర్థం కాలేదనో అనుకుని పక్కన పెట్టేస్తాడు.

ఇలా మధ్యలో తెగిపోయిన వాక్యాన్ని అసంపూర్ణ వాక్యం అందాం. పిల్లల వ్యాసాల్లో, అర్జీల్లో, సంఘాల కరపత్రాల్లో, ఫోన్‌లో చదివే వార్తల్లో ఇవి కొల్లలుగా కనిపిస్తాయి. రాసేవాళ్ళకు తెలుగు రాక ఇలా జరుగుతుందని నేను అనుకోను. వాళ్ళ మనసులో వాక్యం పూర్తిగానే ఉంటుంది, కాగితం మీదికి సగమే వస్తుంది. ఆ మిగతా సగం ఎక్కడ జారిపోయిందో పట్టుకునే పద్ధతి ఒకటుంది. అది తెలిస్తే ఎవరి రాత వాళ్ళే సరిచేసుకోవచ్చు.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. "వాక్యమన్నాక కర్త ఉండాలి, క్రియ ఉండాలి" అని ఇంగ్లీషు వ్యాకరణంలో చెబుతారు. ఇంగ్లీషుకు ఆ కొలత చాలావరకు సరిపోతుంది. దాన్ని తెచ్చి తెలుగును కొలిస్తే నిక్షేపంలాంటి వాక్యాలు కూడా తప్పుల జాబితాలో చేరతాయి.

"వస్తున్నాను." ఇందులో కర్త కనబడదు. కానీ చివరి "ను" ఉంది చూశారా, వచ్చేది నేనేనని అదే చెప్పేస్తుంది. వాక్యం పూర్తయింది. "మా నాన్న రైతు." ఇందులో క్రియ లేదు. ఉండాలని ఎవరికీ తోచదు కూడా. "ఆమెకు ఇద్దరు పిల్లలు." "ఈ రోజు సోమవారం." "దూరపు కొండలు నునుపు." "పిట్ట కొంచెం, కూత ఘనం." వీటిలో దేనికీ క్రియ లేదు, అన్నీ నిండు వాక్యాలే. "మేం రైతులం" అన్నప్పుడైతే తెలుగు ఇంకో పని చేస్తుంది. క్రియ చివర ఉండాల్సిన గుర్తును తెచ్చి నామవాచకానికే తగిలిస్తుంది. "రైతులు" కాస్తా "రైతులం" అవుతుంది. "నువ్వు మంచివాడివి", "నేను తెలుగువాణ్ణి" కూడా అలాంటివే. క్రియ లేకపోయినా ఎవరి గురించి చెబుతున్నామో మాట చివరే తేలిపోతుంది.

మన వ్యాకరణాల్లో ఈ సంగతులకు చోటు దొరకడానికి చాలాకాలం పట్టింది. చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వచ్చింది. అందులో సంజ్ఞతో మొదలై సంధి, సమాసం, క్రియ, కృదంతం మీదుగా ప్రకీర్ణకం దాకా పది పరిచ్ఛేదాలున్నాయి. వాక్యానికంటూ విడిగా పరిచ్ఛేదం లేదు. పదం ఎలా ఏర్పడుతుంది, పదంతో పదం ఎలా కలుస్తుంది అన్నవి ఆనాటి ప్రశ్నలు. వాక్యం లోపలి నిర్మాణాన్ని ఒక పుస్తకమంతా పరిశీలించిన పని చేకూరి రామారావుది. ఆయన "తెలుగు వాక్యం" 1975లో వెలువడింది. క్రియ లేని వాక్యాలను లోపాలుగా కాక, తెలుగులో సహజమైన ఒక తరగతిగా చూపించిన పుస్తకం అది. భాష నేర్పే ప్రతి టీచరూ ఒక్కసారైనా దాన్ని తిరగేయాలని నా కోరిక.

మరి కర్త లేకపోయినా, క్రియ లేకపోయినా ఫర్వాలేదంటే వాక్యం తెగిందని ఎలా చెప్పాలి?

చివరి మాటను చూడాలి. తెలుగు వాక్యం బరువంతా చివర ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అన్నీ ముందు చెప్పుకుంటూ వచ్చి, జరిగిందో లేదో, జరుగుతుందో లేదో ఆఖరున తేలుస్తాం. "రేపు పొద్దున్నే అమ్మతో కలిసి గుంటూరు" అన్నంతవరకు ఏమీ తేలలేదు. ఆ తర్వాత "వెళ్తాను" రావచ్చు, "వెళ్ళను" రావచ్చు, "వెళ్ళాలి" రావచ్చు. వాక్యం చివర ఇప్పుడు మనం పెట్టే చుక్క అచ్చు పుస్తకాలతో, ఇంగ్లీషు ప్రభావంతో స్థిరపడిన అలవాటు. అంతకు ముందు వాక్యం అయిపోయిందని చెప్పే పని చివరి మాటదే. ఇప్పటికీ దానిదే. చుక్క వచ్చి పక్కన నిలబడుతుంది, అంతే.

కాబట్టి తెలుగు క్రియల్లో ఆగగలిగేవేవో, ఆగలేనివేవో తెలియాలి. బడి పుస్తకాల్లో వీటిని సమాపక క్రియలు, అసమాపక క్రియలు అంటారు. పేర్లు గుర్తు లేకపోయినా నష్టం లేదు, మాటలు వినబడితే చాలు. వచ్చాను, వచ్చారు, వస్తుంది, రాడు, రాలేదు, రావాలి, రావచ్చు, రండి. ఇవి ఆగే మాటలు. లేదు, కాదు, వద్దు, చాలు, తెలుసు కూడా అంతే. వీటి తర్వాత చుక్క పెడితే ఎవరూ ఎదురుచూడరు.

ఆగలేనివి వేరు. "వచ్చి" అంటే తర్వాత ఇంకో పని ఉందని అర్థం. "వస్తూ" అంటే అదే సమయంలో జరిగింది మరొకటి ఉంది. "వస్తే" అన్నాక ఫలితం చెప్పాలి. "వచ్చినా" అన్నాక అనుకున్నదానికి ఎదురుగా ఏం జరిగిందో చెప్పాలి. "రాక", "రాకుండా", "రావడానికి", "రావడంతో", "వచ్చినందువల్ల", "వచ్చినప్పటికీ", "రాగా" కూడా ఈ కోవలోవే. ప్రతి దానిలోనూ ఒక ప్రశ్న దాగి ఉంటుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా చుక్క పెట్టామంటే వాక్యం తెగినట్టే. వార్తల్లో తరచూ కనబడే "పోలీసులు ప్రశ్నించగా.", "ఎన్నికల నేపథ్యంలో." అన్న ముక్కలు ఇలా తెగినవే. ప్రశ్నించగా ఏమైంది? నేపథ్యంలో ఏం జరిగింది?

ఇక్కడ ఒక జాగ్రత్త. తెలంగాణలో "నేను నిన్ననే వచ్చిన" అంటారు. అక్కడ ఆ "వచ్చిన" నిండు సమాపక క్రియ, "వచ్చాను" అన్నదానికి సమానం. "వచ్చిన అతిథి", "వచ్చిన ఉత్తరం" అన్నప్పుడు అదే మాట విశేషణమై పక్క మాట మీద వాలుతుంది. రూపం ఒకటే, పనులు రెండు. తెలంగాణ యాసలో రాసిన కథ చేతికొస్తే "వచ్చిన" దగ్గర చుక్క చూసి అసంపూర్ణమని ఎర్ర సిరాతో కొట్టేయడం ఘోరమైన తప్పు. ఏ ప్రాంతపు తెలుగులో రాశారో ఆ తెలుగులోనే వాక్యం నిండిందో లేదో చూడాలి.

చెవి మీద నమ్మకం చాలనివాళ్ళకు ఒక పరీక్ష చెబుతాను. అనుమానం వచ్చిన వాక్యం చివరి చుక్క తీసేసి, "అన్న సంగతి అందరికీ తెలుసు" అని చేర్చి చదవండి. "మా నాన్న రైతు అన్న సంగతి అందరికీ తెలుసు." బాగుంది. "దూరపు కొండలు నునుపు అన్న సంగతి అందరికీ తెలుసు." ఇదీ బాగుంది. "నిన్న రాత్రి ఊరి నుంచి వచ్చి అన్న సంగతి అందరికీ తెలుసు." కుదరలేదు. "పదేళ్ళుగా మూతపడి ఉన్న మా ఊరి గ్రంథాలయం అన్న సంగతి అందరికీ తెలుసు." ఇదీ కుదరలేదు, ఏ సంగతి తెలుసో తేలలేదు. గ్రంథాలయం ఫొటో కింద ఆ మాటలు రాస్తే సరిపోతుంది. వ్యాసంలో రాస్తే దాని గురించి ఏదో ఒకటి చెప్పి ముగించాలి, "తెరిచారు" అనో, "అలాగే ఉంది" అనో. ప్రశ్నలకు, ఆజ్ఞలకు ఈ పరీక్ష పనికిరాదు. "ఎప్పుడొచ్చావు?", "కూర్చో" లాంటివి ఎలాగూ ఎవరినీ ఇబ్బంది పెట్టవు. సమాచారం చెప్పే వాక్యాలకు మాత్రం ఇది చాలా నమ్మకమైన పరీక్ష.

ఇప్పుడు ఒక అర్జీ దగ్గరికి వెళ్దాం. ఊహించి రాసిందే గానీ, ఇలాంటి అర్జీలు రాసేవాళ్ళూ రాయించుకునేవాళ్ళూ మన చుట్టూ ఉన్నారు.

"అయ్యా, నేను మీ మండలం వాస్తవ్యురాలిని. నా భర్త చనిపోయి రెండు సంవత్సరములు అయినందున. వితంతు పింఛను కొరకు దరఖాస్తు చేసుకొని ఉండగా. ఆధార్ కార్డులో పేరు తప్పుగా ఉన్న కారణముగా తిరస్కరించి. సదరు తప్పును సరిచేయించుకొని మరల దరఖాస్తు ఇచ్చినప్పటికీ. కావున దయతో విచారించి పింఛను మంజూరు చేయవలసినదిగా."

ఆరు చుక్కలున్నాయి. మొదటిది తప్ప ఏ చుక్క దగ్గరా వాక్యం ఆగలేదు. "అయినందున", "ఉండగా", "తిరస్కరించి", "ఇచ్చినప్పటికీ", "చేయవలసినదిగా". అయిదు మాటలూ ఇంకేదో చెబుతామని మాటిచ్చి తప్పించుకున్నవే. భాష గౌరవంగా ఉంది. "సదరు" ఉంది, "కొరకు" ఉంది, ఆఫీసు కాగితాల వాసన ఉంది. ఆ గంభీరత వల్లే లోపం కంటికి ఆనదు.

ఒక్కొక్కటీ తీసి చూడండి. "తిరస్కరించి" అన్నారు. ఎవరు తిరస్కరించారు? మండలాఫీసా, పై ఆఫీసా? "తిరస్కరించింది" అని ముగించి ఉంటే ఎవరన్నది రాయక తప్పేది కాదు. ఆ తర్వాతది ఇంకా పెద్ద నష్టం. "మరల దరఖాస్తు ఇచ్చినప్పటికీ." ఇచ్చినప్పటికీ ఏమైంది? మళ్ళీ తిరస్కరించారా? తీసుకోనే లేదా? తీసుకున్నారు గానీ జవాబివ్వలేదా? ఆమెకు తెలుసు. రాసిపెట్టిన మనిషికీ బహుశా తెలుసు. అర్జీ చదివే అధికారికి మాత్రం తెలియదు. ఆ ఒక్క సంగతి మీదే తర్వాతి పని ఆధారపడి ఉంది. మళ్ళీ తిరస్కరించి ఉంటే కారణం వెతకాలి, జవాబు రాకపోతే దరఖాస్తు ఎక్కడ ఆగిందో వెతకాలి. అర్జీ మొత్తానికి ప్రాణమైన విషయం "ఇచ్చినప్పటికీ" తర్వాత ఉండాల్సింది. అక్కడ చుక్క ఉంది. అసంపూర్ణ వాక్యాన్ని అందచందాల విషయంగా, టీచర్ల చాదస్తంగా కొట్టిపారేయలేనిది ఇందుకే. వాక్యం తెగినచోట విషయం కూడా తెగుతుంది.

సరిచేద్దాం.

"అయ్యా, నేను మీ మండలం వాస్తవ్యురాలిని. నా భర్త చనిపోయి రెండేళ్ళయింది. వితంతు పింఛను కోసం నిరుడు దరఖాస్తు చేసుకున్నాను. ఆధార్ కార్డులో నా పేరు తప్పుగా ఉందని మీ కార్యాలయం దాన్ని తిరస్కరించింది. ఆ తప్పు సరిచేయించుకొని సంక్రాంతి తర్వాత మళ్ళీ దరఖాస్తు ఇచ్చాను. ఇంతవరకు జవాబు రాలేదు. దయచేసి విచారించి నాకు పింఛను మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను."

కొత్తగా చేర్చినవి ఎక్కువ లేవు. ఎవరు తిరస్కరించారో వచ్చింది, ఎప్పుడిచ్చారో వచ్చింది, జవాబు రాలేదన్న మాట వచ్చింది. ఇవన్నీ వాక్యాలను ముగించబోతే వాటంతట అవే బయటికొచ్చాయి. చివర "కోరుతున్నాను" చేరడంతో అడిగేది ఎవరో కూడా తేలింది. "చేయవలసిందిగా" దగ్గర ఆపేయడం చాలా అర్జీల్లో, ఉత్తరాల్లో చూస్తాం. రాసేవాళ్ళు అది వినయమనుకుంటారు. వినయం "కోరుతున్నాను", "ప్రార్థిస్తున్నాను" అన్న మాటల్లోనే ఉంది, వాటిని మింగేయడంలో లేదు.

పై అర్జీలో వాక్యాలు ముక్కలుగా తెగాయి. దీనికి పూర్తిగా ఎదురైన జబ్బు కూడా ఒకటుంది. వాక్యం ఎక్కడా తెగకుండా సాగి సాగి, ముగింపు చేరేలోపు దారి తప్పుతుంది. ఈ ఉదాహరణ చూడండి.

"మండలంలోని రైతులు గత ఏడాది వర్షాలు సరిగా కురవక పంట నష్టపోయి, ఈ ఏడాదైనా గట్టెక్కుదామని అప్పు చేసి విత్తనాలు వేస్తే అవి మొలకెత్తకపోవడంతో విత్తనాల దుకాణం ముందు ఆందోళన."

ఒకే ఒక్క వాక్యం, చుక్క చివరే ఉంది. అయినా ఇది అసంపూర్ణ వాక్యమే. "రైతులు" అని మొదలైంది, రైతులు ఏం చేశారో చెప్పే క్రియ రానే లేదు. "ఆందోళన" అన్న నామవాచకం దగ్గర కూలబడింది. వార్తల శీర్షికల్లో "దుకాణం ముందు రైతుల ఆందోళన" అని రాయడం రివాజు. ఆ శీర్షికల భాష వార్త లోపలికీ పాకింది. ఇలాంటి వాక్యాన్ని సరిచేసేటప్పుడు చివర "చేశారు" తగిలించి ఊరుకుంటే వ్యాకరణం కుదురుతుంది గానీ చదవడం సులువు కాదు. పని చేసేవాళ్ళు ఎక్కడ మారారో వెతకాలి. నష్టపోయింది రైతులు, అప్పు చేసింది రైతులు, విత్తనాలు వేసింది రైతులు. మొలకెత్తనిది విత్తనాలు. అక్కడ కర్త మారింది, అక్కడ ఆగొచ్చు.

"గత ఏడాది వర్షాలు సరిగా కురవక మండలంలోని రైతులు పంట నష్టపోయారు. ఈ ఏడాదైనా గట్టెక్కుదామని అప్పు చేసి విత్తనాలు వేశారు. అవి మొలకెత్తలేదు. దాంతో విత్తనాల దుకాణం ముందు ఆందోళనకు దిగారు."

"అవి మొలకెత్తలేదు" అన్న చిన్న వాక్యానికి ఇప్పుడు ఎంత బలం వచ్చిందో చూడండి. ముందు అది "మొలకెత్తకపోవడంతో" అన్న రూపంలో ఒక మూల నక్కి ఉంది. వార్తలో అసలు దెబ్బ అదే కదా.

కర్త మారడం గురించి ఇంకో మాట. "వచ్చి", "తిని", "చేసి" లాంటి రూపాలకూ చివరి క్రియకూ మామూలుగా కర్త ఒకటే ఉండాలి. "నేను అన్నం తిని తమ్ముడు బడికి వెళ్ళాడు" అనలేం. "నేను అన్నం తిన్నాక తమ్ముడు బడికి వెళ్ళాడు" అనాలి. అయితే "వాన కురిసి చెరువు నిండింది" అంటాం. కురిసింది వాన, నిండింది చెరువు. ఒకటి జరగడం వల్లే రెండోది జరిగింది కనుక తెలుగు దాన్ని ఒప్పుకుంటుంది. అర్జీలో "చనిపోయి రెండేళ్ళయింది" అని రాశాం కదా, కాలాన్ని చెప్పేటప్పుడు కూడా అంతే. చుక్క సరైన చోట ఉన్నా వాక్యం లోపల ఈ అతుకు సరిపోకపోతే చదువరి తడబడతాడు.

కారణం చెప్పే మాటల దగ్గర గందరగోళం మరీ ఎక్కువ. "నేను పెళ్ళికి రాలేదు. ఎందుకంటే నాకు జ్వరం వచ్చింది." ఇందులో రెండో వాక్యం తెగిందా? ఇంగ్లీషులో ఈ తీరు వాక్యాన్ని విడిగా నిలబెడితే తప్పని టీచర్లు సున్నా చుడతారు. తెలుగులో తప్పు కాదు. "ఎందుకంటే" అన్నది ముందు వచ్చి తన పని తాను చేసుకుంది, వాక్యం "వచ్చింది" అన్న నిండు క్రియతో ముగిసింది. "నేను పెళ్ళికి రాలేదు. నాకు జ్వరం వచ్చినందువల్ల." ఇది మాత్రం తెగిన వాక్యం. "నాకు జ్వరం వచ్చింది కాబట్టి." ఇదీ తెగిందే. "కాబట్టి" వాక్యం మొదట్లో ఉంటే వెనకటి మాటను పట్టుకుంటుంది, చివర ఉంటే ముందు రాబోయే మాటను అడుగుతుంది. "నాకు జ్వరం వచ్చింది. కాబట్టి రాలేదు." అంటే నిక్షేపంగా ఉంది.

మాట్లాడేటప్పుడు మనం "ఎందుకంటే నాకు జ్వరం వచ్చింది కాబట్టి" అని రెండు వైపులా కట్టేస్తాం. మాటల్లో అది చెల్లుతుంది, ఎదుటివాళ్ళు వింటూనే ఉంటారు. రాతలో రెండిట్లో ఒకటి చాలు.

తర్వాత గుర్తొచ్చిన మాటను చుక్క తర్వాత వేలాడదీయడం ఇంకో అలవాటు. "నిన్న మీ అన్నయ్యను చూశాను. బస్టాండులో. సాయంత్రం." నోటి మాటలో ఇది సహజం. రాసేటప్పుడు మాత్రం తెలుగు మనకో గొప్ప వసతి ఇచ్చింది. క్రియకు ముందు కావలసినంత చోటుంది. "నిన్న సాయంత్రం బస్టాండులో మీ అన్నయ్యను చూశాను." వేలాడిన ముక్కలన్నీ లోపలికొచ్చి సర్దుకున్నాయి. తెగిన వాక్యాలను సరిచేసే పనిలో సగం ఇదే. ముక్కను పట్టుకుని క్రియకు ముందుకు తేవడం. కొత్త మాట ఒక్కటీ అక్కర్లేదు.

ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో రాసేవాళ్ళ దగ్గర ఒక ప్రత్యేకమైన ముక్క కనబడుతుంది. "ఆయన గొప్ప నటుడు. ఎవరైతే వంద సినిమాల్లో నటించారో." తెలుగులో "ఎవరైతే" అన్నాక "వాళ్ళు" రావాలి, "ఎక్కడైతే" అన్నాక "అక్కడ" రావాలి. "ఎవరైతే ముందు వస్తారో వాళ్ళకే సీట్లు" అన్నది నిండు వాక్యం. జంటలో ఒకదాన్ని వదిలేస్తే రెండోది అనాథ అవుతుంది. అసలు ఇక్కడ ఆ జంట అవసరమే లేదు. "ఆయన వంద సినిమాల్లో నటించిన గొప్ప నటుడు" అంటే సరిపోయింది. విశేషణాన్ని నామవాచకానికి ముందు పెట్టడం తెలుగు నడక. దాన్ని వెనక్కి నెట్టి వేరే వాక్యంగా నిలబెట్టినప్పుడు ముక్కలు పుడతాయి. యంత్రాలు చేసిన అనువాదాలను సరిచూసేవాళ్ళు ఈ "ఎవరైతే"ల మీద ఒక కన్నేసి ఉంచాలి.

ఫోన్లు కూడా కొంత దోహదం చేస్తున్నాయి. చాలా ఫోన్లలో ఖాళీ మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే చుక్క దానంతట అదే పడుతుంది. అక్కర్లేని చోట చుక్క పడిందని గమనించకుండానే పంపేస్తాం. పైగా సందేశాలను ముక్కముక్కలుగా పంపడం అలవాటైంది. "రేపు", "మీటింగ్ అయ్యాక", "వస్తే", అని మూడుసార్లు పంపి నాలుగోసారి అసలు మాట పంపుతాం. స్నేహితుల మధ్య దానికేం అభ్యంతరం లేదు. ఆ అలవాటు వ్యాసంలోకో, నివేదికలోకో వచ్చినప్పుడే చిక్కు.

అలాగని ముక్క వాక్యాలన్నీ తప్పులేమీ కావు. "ఎక్కడికి?" అంటే "బజారుకి" అంటాం. "నేను బజారుకి వెళ్తున్నాను" అని ప్రతిసారీ పూర్తిగా చెప్పేవాళ్ళతో మాట్లాడటం కష్టం. మిగతా మాటలు అడిగినవాళ్ళ ప్రశ్నలోనే ఉన్నాయి, మళ్ళీ చెప్పక్కర్లేదు. శీర్షికలు, ఫొటో వ్యాఖ్యలు, దుకాణం బోర్డులు, పెళ్ళి పత్రికల్లోని వరుసలు వాక్యాలు కానక్కర్లేదు. "రేపు బడులకు సెలవు" అన్న శీర్షికకు వంక పెట్టేవాళ్ళు ఉండరు. కథల్లోనూ మంచి రచయితలు తెలిసే వాక్యాన్ని మధ్యలో తెంపుతారు. "వెళ్దామనుకున్నాను కానీ..." అని పాత్ర ఆగిపోతే, ఆ ఆగడంలోనే చెప్పలేనితనం ఉంటుంది. అక్కడ చుక్క ఒకటి కాకుండా మూడు పెట్టడం కూడా అందుకే. తెగిందని రచయితే చెబుతున్నాడు.

తెంపిన వాక్యం మంచిదా కాదా తేల్చుకోవడానికి నేను చూసేది ఒకటే. లోపించిన మాటను చదువరి సందేహం లేకుండా పూరించుకోగలడా? "బజారుకి" అన్నప్పుడు పూరించుకోగలడు. "ఇచ్చినప్పటికీ" అన్నప్పుడు పూరించుకోలేడు, మూడు నాలుగు రకాలుగా ఊహించుకుంటాడు. కథలో అన్ని ఊహలకూ చోటివ్వడం రచయిత ఉద్దేశం కావచ్చు. అర్జీలో, వార్తలో, పాఠంలో, డాక్టరు రాసిచ్చే సూచనల్లో అది ప్రమాదం. "జ్వరం తగ్గకపోతే." అని చీటీ మీద రాసి ఆపేస్తే రోగి ఏం చేయాలి?

ఇప్పుడు ఫీచర్ వ్యాసాల్లో, టీవీ కథనాల్లో ఒక ఒరవడి బాగా పెరిగింది. "ఆ ఊరు. ఆ వీధి. ఆ ఇల్లు. అప్పుడెప్పుడో. ఓ వర్షం కురిసిన రాత్రి." ఒకసారి చదివితే ఊపు ఉన్నట్టే ఉంటుంది. పేజీ పొడవునా ఇదే సాగితే ప్రతి మాటా గట్టిగా వినబడి, ఏ మాటా గుర్తుండదు. తెంపిన వాక్యానికి బలం దాని చుట్టూ ఉన్న నిండు వాక్యాల వల్ల వస్తుంది. పేజీ మొత్తంలో ఒక్కటుంటే తగులుతుంది. అన్నీ అవే అయితే చదువరి ఎక్కడా కుదురుగా నిలబడలేడు.

రాసింది సరిచూసుకునేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటూ పోతే ఈ లోపాలు దొరకవు. రాసింది మనమే కనుక జారిపోయిన మాటను మనసు తనే అందిస్తుంది. అందుకే చుక్కల దగ్గరికి మాత్రమే వెళ్ళండి. పెన్సిలు పట్టుకుని ప్రతి చుక్కకూ ముందున్న మాట కింద గీత గీయండి. ఆ మాటలను వరుసగా పైకి చదవండి. "వాస్తవ్యురాలిని. అయినందున. ఉండగా. తిరస్కరించి. ఇచ్చినప్పటికీ. చేయవలసినదిగా." ఇలా చదివితే వ్యాకరణం ఒక్క ముక్క రానివాళ్ళకు కూడా లోపం వినబడుతుంది. "వాస్తవ్యురాలిని" దగ్గర గొంతు కిందికి దిగి ఆగుతుంది. మిగతా అయిదింటి దగ్గరా గొంతు పైనే ఉండిపోతుంది.

అలా పైనే ఉండిపోయిన చోట మొదట వెనకటి వాక్యాన్ని, తర్వాతి వాక్యాన్ని చూడండి. ముక్క ఆ రెంటిలో ఒకదానికి చెందినదైతే చుక్క తీసేసి కామా పెట్టండి, లేదా క్రియకు ముందుకు తెచ్చి సర్దండి. దేనికీ చెందకపోతే దానికి సొంత ముగింపు ఇవ్వాలి. ముగింపు ఏమిటో మీకే వెంటనే తోచకపోతే చెప్పదలచుకున్నది ఇంకా తేల్చుకోలేదని అర్థం. అప్పుడు కలం పక్కన పెట్టి విషయం గురించి ఆలోచించడం మంచిది.

పిల్లల నోటు పుస్తకాలు దిద్దే టీచర్లకు ఒక విన్నపం. తెగిన వాక్యం పక్కన "అసంపూర్ణం" అని రాస్తే పిల్లలకు అందేది మార్కు తగ్గిందన్న సంగతి ఒక్కటే. ఆ మాటలో దాగిన ప్రశ్నను రాయండి. "వర్షం పడుతున్నా." అని రాసిన పిల్ల పుస్తకంలో "పడుతున్నా ఏం చేశారు?" అని రాయండి. "మేము ఆట ఆపలేదు" అని ఆ పిల్లే పూర్తి చేస్తుంది. "బడి గంట కొట్టగానే." అని రాసిన పిల్లవాడిని "కొట్టగానే ఎవరు ఏం చేశారు?" అని అడగండి. సమాపకం, అసమాపకం అన్న పేర్లు ఆ తర్వాత చెప్పినా ఆలస్యమేమీ కాదు.